రోమ్‌లో రెండు మధ్యాహ్నాలు

ప్రెస్సులో ఆమెను అందరూ కామాక్క అనేవారు. అసలు పేరుతో దానికి సంబంధం లేదు. ఒక్క కామా కోసం కంపోజిటర్లతో, రచయితలతో, చివరికి యజమానితోనైనా పేచీకి దిగేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మిషన్ల హాలు పక్కన కిటికీ లేని అరగదిలో, తల మీద వేలాడే బల్బు కింద ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దింది. నెల జీతం కాదు, పేజీకింత. జ్వరమొచ్చి రాకపోతే ఆ రోజు డబ్బు లేనట్టే.

ఆ గదిలోకి ఒకసారి రోమ్ నగరం వచ్చింది. అక్కడ ఇరవై ఏళ్ళు ఉండొచ్చిన ఒక ప్రొఫెసరు రాసిన పుస్తకం అది. నాలుగు వందల పేజీలు, వీధికో అధ్యాయం. ఆయనకి చాదస్తం జాస్తి, మూడుసార్లు ప్రూఫులు తీయించాడు. మూడో దిద్దుబాటు పూర్తి కాకుండానే ఆయన పోయాడు. పుస్తకం అచ్చు కాలేదు. ఆ కాగితాలు చిత్తులో కలిపేస్తుంటే ఆమె అడిగి ఇంటికి తెచ్చుకుంది. అక్షరం అక్షరం మూడుసార్లు చదివిన ఊరు కదా, ఏ సందులో తిరిగితే ఏ ఫౌంటెన్ వస్తుందో, ఏ మెట్ల మీద ఎండ ఎప్పుడు పడుతుందో ఆమెకి కంఠతా వచ్చేసింది. తన వీధి చివర మందుల షాపు పక్కన ఏముందని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించుకోవాలి.

భర్తది నీళ్ళ ఆఫీసులో మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం. గుమ్మం గుమ్మం తిరిగి తిరిగి కాళ్ళరిగిపోయిన మనిషి. రిటైరైన రోజున, ఇక నన్నెక్కడికీ కదపొద్దని చెప్పి కుర్చీలో కూలబడ్డాడు. పిల్లలు లేరు. ప్రెస్సు మూతపడిన ఏడాది ఒకరోజు భోజనాల దగ్గర ఆమె అడిగింది.

“మనం రోమ్ చూసొద్దామాండీ?”

“అక్కడేముంది?”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కంచాలు ఎండిపోయినా ఇద్దరూ లేవలేదు. వీధుల్లో ఇనప స్తంభాల్లాంటి కుళాయిలుంటాయట, రాత్రీ పగలూ కారుతూనే ఉంటాయట అని చెప్పినప్పుడు ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు.

“మీటరు లేకుండానా?”

“ఎవరైనా పట్టుకుని తాగొచ్చట.”

“అదేం ఊరే బాబూ,” అన్నాడు. కంచం పక్కకి జరిపి, “పెళ్ళయ్యాక నువ్వు ఇంతసేపు మాట్లాడ్డం ఇదే. సరే, వెళ్దాం పద,” అన్నాడు.

టూరు ఏజెంటు దగ్గర డబ్బు కట్టారు. ఎనిమిది రోజులు, ముప్ఫై మంది బృందం, అంతా బస్సులో తిప్పుతారు. రెండు మధ్యాహ్నాలు మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. ఆ రెండు మధ్యాహ్నాల కోసం కామాక్క నాలుగు నెలలు ఆలోచించింది. బల్ల మీద పెద్ద కాగితం పరిచి దారి గీసింది. మొదటి మధ్యాహ్నం పాంథియన్ అనే పాత రోమన్ గుడి. దాని గోపురం నడినెత్తిన గుండ్రంగా తెరిచి ఉంటుంది, అద్దం లేదు, తలుపు లేదు. వాన పడితే నేరుగా లోపలికే. ఆ నీళ్ళు పోవడానికి నేలలో చిన్న చిన్న కన్నాలు పెట్టారు. అక్కడ నిలబడి పైకొకసారి, కిందికొకసారి చూడాలి. రెండో మధ్యాహ్నం నది దాటి అవతలి సందుల్లో ఊరికే నడవాలి. ఆయనకి ఆయాసం వస్తే ఎక్కడ కూర్చోవాలో కూడా రాసింది. రోజూ పొద్దున్నే ఇద్దరూ కొత్త బూట్లేసుకుని వీధి చివరిదాకా నాలుగుసార్లు నడిచొచ్చేవారు.

వీసా ఆఫీసులో అద్దం వెనకాల కూర్చున్న అమ్మాయి ఆయన పెన్షను కాగితాలు చూసి పక్కన పెట్టింది. ఈమెను అడిగింది.

“మీరేం చేసేవారు?”

“ప్రూఫులు దిద్దేదాన్నమ్మా.”

“అపాయింట్‌మెంట్ లెటరు?”

“ఇవ్వలేదు.”

“జీతం స్లిప్పులు?”

“పేజీల లెక్కన ఇచ్చేవారు. ప్రెస్సు మూసేశారు.”

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. కామాక్క వెనకాల ఇంకా పొడుగు వరస ఉంది.

మూడు వారాలకి రెండు కవర్లొచ్చాయి. ఆయన పాస్‌పోర్టులో వీసా అంటించి ఉంది. ఆమెదాంట్లో మడిచిన కాగితం. గడువులోగా ఆమె తిరిగి వెళ్ళిపోతుందన్న నమ్మకం కుదరలేదని అచ్చువేసిన వాక్యం, దాని పక్కన టిక్కు. ఆమె అలవాటుకొద్దీ రెండుసార్లు చదివింది. అందులో ఒక్క తప్పూ లేదు.

“అయితే నేనూ వెళ్ళను,” అన్నాడాయన.

“కట్టిన డబ్బు తిరిగిరాదన్నాడు కదా ఏజెంటు. మీరైనా వెళ్ళిరండి. మీరు చూస్తే నేను చూసినట్టే.”

అలా అని ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆయన గుమ్మం దగ్గరున్న బూట్ల వైపు చూశాడు.

“అంతేనంటావా,” అన్నాడు.

ఆమె లోపలికెళ్ళి, ఆ రెండు మధ్యాహ్నాల దారీ ఆయన కళ్ళజోడు లేకుండా చదువుకునేలా పెద్ద అక్షరాలతో తిరగరాసిచ్చింది.

మొదటి రెండు రోజులు ఆయన ఫోన్లో గాభరాగానే మాట్లాడాడు. మూడోరోజు పాంథియన్ చూడాల్సిన మధ్యాహ్నం. ఆమె ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది.

“వెళ్ళారా?”

“వెళ్ళాం. బయట ఒకటే వాన. లోపల ఒకటే జనం.”

“నేల చూశారా?”

“నేలా? ఏమో, తడిగా ఉందని చుట్టూ తాడు కట్టేశారు. సరే, వీళ్ళు కాఫీకి పిలుస్తున్నారు. మళ్ళీ చేస్తా.”

వెనకాల ఎవరో ఆయన్ని ‘గురువుగారూ’ అని పిలవడం, ఆయన నవ్వడం వినిపించింది. ఆ నవ్వు ఆమె విని చాలా ఏళ్ళయింది. రెండో మధ్యాహ్నం బృందంలోని రిటైరైన స్టేషన్ మాస్టరు దంపతులతో కలిసి బజారుకెళ్ళాడట. కాగితం హోటల్లో కోటు జేబులో ఉండిపోయిందట.

తిరిగొచ్చిన మనిషి నిటారుగా నడుస్తున్నాడు. ఫోన్లో వంద ఫొటోలు, నోటినిండా కబుర్లు. వీధిలో ఆయన్ని ఆపి రోమ్ గురించి అడగనివాళ్ళు లేరు. ఒక ఆదివారం ఆయన చెల్లెలు చూడటానికొచ్చింది.

“గోపురం మధ్యలో ఇంత గుండ్రటి అద్దం ఉంటుందే. రెండు వేల ఏళ్ళనాటిది. ఒక్క బీట లేదు,” అని చేతులు బారచాపి చూపించాడు.

కామాక్క టీ కప్పులు తెస్తూ గుమ్మంలోనే ఆగింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి కప్పులు బల్ల మీద పెట్టింది.

“నువ్వెందుకెళ్ళలేదు వదినా?” అంది ఆడపడుచు.

ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. “మీ వదినకి విమానమంటే భయం.”

ఆమె పరువు కాపాడదామనే అన్నాడు. అది ఆమెకీ తెలుసు. కానీ నెల తిరిగేసరికి ఎరిగినవాళ్ళందరికీ అదే నిజమైపోయింది. వంటింట్లో పళ్ళేలు కడుగుతుంటే హాల్లోంచి ఆ మాట ఆమెకి రెండుమూడుసార్లు వినిపించింది.

చలికాలం పోతుండగా ఏజెంటు ఫోన్ చేశాడు. ఇంకో బృందం బయల్దేరుతోందట. ఈసారి ఖర్చంతా తనదేనని భర్త ఉత్తరం రాసిస్తే ఆవిడకీ వీసా రావచ్చన్నాడు. ఆయన సంబరంగా వచ్చి చెప్పాడు.

“ఈసారి నీకే ఇబ్బందీ ఉండదు. అన్నీ నేనే చూపిస్తాను.”

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. “వద్దులెండి,” అంది.

“ఎందుకని?”

ఆమె ఇంకో చొక్కా తీసి మడిచింది. ఆయన మళ్ళీ అడిగాడు.

“ఆ రోజు నేను వెళ్ళమన్నాను,” అంది. “మీరు ససేమిరా అంటారనుకున్నాను.”

“ఉండిపొమ్మని ఒక్కమాటంటే ఉండిపోయేవాణ్ణిగా.”

“నేను అనకుండానే ఉండిపోతారేమోనని చూశాను.”

“అది నాకెలా తెలుస్తుంది?”

“తెలీదు. మిమ్మల్నేమీ అనడం లేదు. నాకే మళ్ళీ వెళ్ళాలని లేదు.”

ఒక్కసారీ వెళ్ళని మనిషి ‘మళ్ళీ’ అనడం ఆయన గమనించాడు. ఏజెంటుకి మర్నాడు తనే ఫోన్ చేసి రావడం లేదని చెప్పేశాడు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ రోమ్ కబుర్లు చెప్పలేదు. అడిగితే, బాగుందండీ అని ఊరుకునేవాడు. అలా ఊరుకోమని ఆమె కోరలేదు. ఆ కబుర్లుంటేనే నయమేమోనని, కనీసం ఇంట్లో మనిషి గొంతు వినపడేదని ఆమెకి అనిపించింది. వేసవి వచ్చేసరికి ఆయన పన్నెండింటికి, ఆమె రెండింటికి భోంచేయడం అలవాటైంది. ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.