బర్రెకు జ్వరమొస్తే మంచిదన్నాను

నా చిన్నప్పుడు, నాన్నకు జహీరాబాద్ ఫ్యాక్టరీలో పని దొరికి మేము కోస్తా నుంచి వచ్చిన కొత్తలో, నాకొక ధైర్యం ఉండేది. మనదీ తెలుగే, ఇక్కడివాళ్ళదీ తెలుగే, ఇక నేర్చుకునేదేముందని. ఆ ధైర్యం వల్లే మా ఇంట్లో పాలు ఆగిపోయాయి.

రోజూ పొద్దున చెంబు పట్టుకుని వీధి చివర బర్రెలవ్వ ఇంటికి వెళ్ళేది నేనే. న్యాల్‌కల్ అవతలి పల్లె నుంచి వచ్చిన మనిషి, మాటలో కన్నడం కలిసేది. "తిన్నవా బిడ్డా?" అనేది. "తిన్నానండీ" అనేదాన్ని. పెద్దవాళ్ళ దగ్గర అంతకు మించి మాట్లాడితే వాగుడుకాయ అంటారని అమ్మ నేర్పిన పాఠం. పాలు పోయగానే తల వంచుకుని వచ్చేసేదాన్ని. నెల తిరక్కుండానే అవ్వ ఖాళీ చెంబు తిప్పి పంపింది. అమ్మ వెళ్ళి బతిమాలినా మెత్తబడలేదు. ఇంట్లో ఆరు నెలల చెల్లి. అమ్మ పాలు చాలవు. జావ పడితే ఉమ్మేసి ఏడ్చేది.

పక్కింటి అక్క వెళ్ళి కారణం కనుక్కుని నవ్వుతూ వచ్చింది. "ముసల్దానికి మస్తు కోపమొచ్చింది. తిన్నవా అంటే తిన్న అంటది గని, నువ్వు తిన్నవా అవ్వా అని ఒక్కనాడన్న అడిగిందా, ఆ పోరికి గంత పొగరేంది అంటున్నది."

అక్క నన్ను రెండు రోజులు తన అరుగు మీద కూర్చోబెట్టి పల్లికాయలు ఒలిపించింది. షరతు ఒకటే, నోరు తెరవకూడదు. వచ్చేపోయే ఆడవాళ్ళు ముందు ఏమడుగుతారో, ఎదుటి మనిషి తిరిగి ఏమడుగుతుందో, అసలు పని ఎప్పుడు బయటికి తీస్తారో చూడమంది. నాలుగు పచ్చిమిరపకాయల కోసం వచ్చినామె కూడా తిండి, పిల్లలు, పశువులు, వాన, అన్నీ అయ్యాకే మిరపకాయల ఊసెత్తింది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు "గట్లనా" అంటూనే ఉన్నారు. ఆ వరుసంతా బట్టీ పట్టాను.

మూడో రోజు అవ్వ గుమ్మంలో నిలబడి ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. "తిన్నవా అవ్వా? పిల్లలు మంచిగున్నరా? బర్రెలు మంచిగున్నయా?"

"ఏం మంచిగ బిడ్డా, పెద్ద బర్రెకు జెరమొచ్చింది."

"గట్లనా, మంచిది అవ్వా. పాలు పొయ్యి."

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసి తలుపేసుకుంది.

సంగతి విని అక్క రొట్టె కాల్చడం ఆపి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత జొన్నపిండి పళ్ళెం నా ముందుకు జరిపింది. "పిండి ఎట్లున్నదో చూడకుంటనే నీళ్లన్ని గుమ్మరిస్తవా? జరంత పోసి, చూసి, మల్ల పోస్తం. మాట గూడ గంతే. ఒకటడుగు. ఆమె చెప్పింది విను. దాంట్లకెల్లే ఇంకోటి అడుగు."

మర్నాడు ఒక్కటే అడిగాను, పెద్ద బర్రె లేచిందా అని. అవ్వ నా వైపు చూడకుండా కుడితి కలుపుతూనే ఉంది. పారిపోదామనిపించింది కానీ పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మొదలుపెట్టింది. అది మేత ముట్టని సంగతి, పసరు తాగించిన సంగతి, నిన్నటి నుంచి తాను దాని పక్క నుంచి కదలని సంగతి, సగం కన్నడంలోనే. వింటూ వింటూ ఎవరూ నేర్పని ప్రశ్న అనేశాను.

"మరి నువ్వెప్పుడు తిన్నవ్ అవ్వా?"

అవ్వ నా వైపు తిరిగింది. "గిప్పుడు అడిగినవ్ బిడ్డా" అని నవ్వి, నా చేతిలో చెంబు లాక్కుని, చిన్న బర్రె పాలు అంచుదాకా పోసింది. ఆ పూట చెల్లి కడుపు నిండా తాగి నిద్రపోయింది.

ఇప్పుడు మా మేడ మీద గదిలో ఒడిశా అమ్మాయి ఉంటోంది, ఫ్యాక్టరీలో పని. ఆమెతో మాట్లాడాలంటే ఫోనులో పదాలు నేర్చుకోమని మా మనవరాలు పోరుతుంది. నేను మాత్రం సాయంత్రాలు మెట్ల మీద ఆ పిల్ల పక్కన కూర్చుని, చేతులతోనో సైగలతోనో ఒక్కటి అడిగి ఊరుకుంటాను. ఆమె వాళ్ళ ఊరి గురించి, అన్న పెళ్ళి గురించి గలగలా చెబుతుంది. సగం అర్థం కాదు. ఆ తర్వాత ఏమైందని అడగడానికి వాళ్ళ భాషలో "తాపరే?" అంటారట. నాకు గట్టిగా వచ్చింది ఆ ఒక్క మాటే. అది ఎక్కడ అనాలో మాత్రం తప్పను.