మూడో గదిలో జొన్నపిండి

నా చేతులు ఒక అబద్ధమాడాయి. ఆ బరువు ఇన్నేళ్లూ ఆ చేతులతోనే మోశాను. అన్నం కలిపాను, పిల్లలకు నీళ్లు పోశాను, ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతాను. ముందే ఒక మాట. ఆ రాత్రి తలచుకుంటే నాకు ఇప్పటికీ సంబరమే ముందొస్తుంది. సిగ్గు దాని వెనకాల వస్తుంది. నేనేం మనిషినో మీరే చూడండి.

అప్పుడు నాకు పదకొండేళ్లు. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకడమే కష్టం. మా మేనమామ నన్ను మేడ్చల్ నుంచి అలియాబాద్‌లో అవ్వ దగ్గరికి తీసుకుపోతూ, శామీర్‌పేట చెరువు దగ్గరి హోటల్లో ఆ రాత్రికి దిగాడు. పేరుకే హోటల్, నిజానికి నవాబుల నాటి సరాయి. అవ్వ ఊరు అక్కడికి నడిచిపోయేంత దూరమే. అయినా ఆగాడంటే మూడో గది కోసమే. అందులో పసిపిల్ల దయ్యం తిరుగుతుందని, గజ్జెలు వినిపిస్తాయని బస్సుల్లో చెప్పుకునేవారు. పట్నంలో చదువుకునే మామకు దయ్యాన్ని కళ్లారా చూడాలని పిచ్చి. మామకు ఏది పిచ్చో నాకూ అదే పిచ్చి.

అక్కడ వంట చేసే జైనబ్బీ మాకు రొట్టెలు పెట్టింది. తురకల చేతి రొట్టె తిన్నట్టు అవ్వకు చెప్పనని మామ నా చేత ఒట్టేయించుకున్నాడు. తింటుంటే ఆమె తన సంగతి చెప్పింది. భర్త లేడు. నడక నేర్చిన కూతురు మున్నీ, రెండేళ్లయినా నిండకుండా, ఆ గదిలోనే జ్వరంతో పోయింది. జనం చెప్పుకునే దయ్యం ఆ పిల్లే. “రోజూ ఆ దర్వాజ కాడనే పండుకుంట బిడ్డా. నాకైతే ఒక్కనాడు ఇనబడలే,” అంది. తెల్లారితే ఆమె అన్న బండి కట్టుకొస్తాడు. బౌరంపేట్ తీసుకుపోతాడు. అక్కడ మళ్లీ నిఖా కుదిర్చారు. మూట కట్టి గుమ్మం పక్కన పెట్టుకుంది. ఇదంతా నేను విన్నాను. తెలియక చేశానని ఎలా చెప్పను?

మా ఇళ్లల్లో మనిషి పోయిన పదోనాడు గదిలో పిండి పరిచి తలుపేస్తారు. తెల్లారి దాని మీద ఏ గుర్తు పడిందో చూస్తారు. మామ ఆ ఉపాయమే పట్టాడు. జైనబ్బీ దగ్గర జొన్నపిండి అడిగి, గది నడుమ పలచగా పరిచి, దీపం తగ్గించాడు. ఇద్దరం గోడవారన చాప మీద కూర్చున్నాం. చెరువులో కప్ప అరిస్తే మామ నా చేయి గిల్లేవాడు. ఎలుక కదిలితే నేను ఆయన చొక్కా పట్టుకునేదాన్ని. నవ్వు ఆపుకోలేక కడుపు నొప్పి పుట్టింది.

“ఏందే, అప్పుడే తూగుతున్నవ్? దయ్యమొచ్చే యాల్లకు గుర్రు పెడితె నా ఇజ్జత్ పోతది,” అన్నాడు. చివరికి గుర్రు పెట్టింది ఆయనే.

నాకు నిద్రెక్కడిది? పిండి పరిచింది పరిచినట్టే ఉంది. ఇంత సంబరమూ వట్టిదైపోతుందా? కృష్ణాష్టమికి అవ్వ పిడికిలి పిండిలో అద్ది, వేలికొసలతో ఐదు చుక్కలు పెట్టి, వాకిట్లోంచి బుల్లి పాదాలు వేసేది. నాకూ నేర్పింది. మెల్లగా వంగి, ఒకటి కుడి చేత్తో, ఒకటి ఎడమ చేత్తో, తలుపు వైపు నాలుగు అడుగులు వేశాను. మామను అదరగొట్టాలనుకున్నాను, అంతే.

మామ అదిరాడు. ఆడవాళ్ల ముగ్గుపని ఏనాడు వంగి చూశాడు గనక? కానీ ఆయన కేకకు తలుపు తోసుకొని జైనబ్బీ వచ్చింది. వాళ్లింట్లో కృష్ణాష్టమి లేదు, పిడికిలితో పాదం వేస్తారని ఆమె ఎరగదు. పిండి ముందు కూలబడింది. కొంగులోంచి దారం పోగు పీకి, మొదటి అడుగు పొడవు కొలిచి, ముడేసుకుంది. ఏడవలేదు. నవ్వింది. పొద్దెక్కాక అన్న వచ్చాడు, బతిమాలాడు, తిట్టాడు, ఖాళీ బండి తోలుకుపోయాడు. మామ నా వీపు తట్టి “మస్తు నసీబ్ మనది” అంటున్నాడు. నేను గోళ్లలో ఇరుక్కున్న పిండిని పావడాకు తుడుచుకున్నాను.

ఆరేళ్ల తర్వాత, కాపురానికి పోయేముందు, నిజం చెప్పాలనే అక్కడ దిగాను. తోడు మళ్లీ మామే. జైనబ్బీ జుట్టు నెరిసింది. నన్ను చూడగానే చేతులు పట్టుకుంది.

“మల్ల రాలే బిడ్డా. అమాస అమాసకు పిండి పరుస్తున్న. రాలే.”

“జైనబ్బీ, నీకొక మాట చెప్పాలె.”

“పొద్దుగాల చెప్పు. నువ్వున్ననాడే వచ్చింది. గీ రాత్రి ఆ గదిల పండు. నీకోసమన్న వస్తదేమొ.”

మామ బయట అరుగు మీద పడుకున్నాడు. నేను ఒక్కదాన్నే ఆ గదిలో. తెల్లవారుజామున చూస్తే ఆమె పరిచిన పిండి మీద ఏమీ లేదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? తలుపవతల ఆమె తస్బీ పూసలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. నిజం చెప్పొద్దూ, నాలో జాలి ఒక్కటే లేదు, ఆ పాత సంబరం కూడా మళ్లీ గుండెల్లో కొట్టుకుంది. పిడికిలి ఒత్తేశాను. మొదటిది తుంటరితనం. రెండోది ఏమిటో నేటికీ తేల్చుకోలేకపోయాను.

ఆమె వచ్చింది. మెడలోని తాయెత్తుకు చుట్టుకున్న ఆ పాత దారం విప్పి, అడుగు మీద ఆనించింది. అడుగు ముడి దాటి బొటనవేలి గోరంత ఎక్కువుంది.

“చూసినవా బిడ్డా,” అంది, “నా మున్నీ పెరిగింది.”

జైనబ్బీ చివరిదాకా ఆ హోటల్లోనే ఉంది, అక్కడే పోయింది. పెరిగింది మున్నీ కాదు, నా పిడికిలి. ఆ మాట ఆమెకు చెప్పాల్సింది. ఇవాళ మీకు చెప్పాను. చేతులు కాస్త తేలికపడ్డాయి, అంతే.