నొలీన్ చెరిపేసిన గీతలు

నొలీన్ క్యూబిట్‌కు డిగ్రీ లేదు. పదిహేనో ఏట ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో సీసాలు కడగడానికి చేరింది. పంతొమ్మిదేళ్లు గడిచి 1974 వచ్చేసరికి, ఆమె ఔనంటే తప్ప ల్యాబు పెద్ద డాక్టర్ హాస్లమ్ ఏ ఫలితాన్నీ నమ్మేవాడు కాదు. ఆ సంగతి ఆమెకూ బాగానే తెలుసు.

ఊపిరితిత్తుల కేన్సర్ రోగుల ఛాతీలోంచి తీసిన నీటిలో, కణితి వదిలే ప్రోటీనును పట్టుకోవడం వాళ్ల పని. ఆ నీటిని కుందేలుకు ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. అందులో ఆరోగ్యవంతుల రక్తం కలిపి, మామూలు ప్రోటీన్లకు అంటుకునేదంతా తీసేస్తారు. మిగిలింది కణితి ప్రోటీనును పడితే జెల్లీ పళ్లెంలో తెల్లగా గీత పడుతుంది. పదిమందిలో ఏడుగురి నీటికి గీత పడింది. శుక్రవారం సిడ్నీ సభలో ఆ మాట చెప్పడానికి హాస్లమ్ సూటు కూడా ఇస్త్రీ చేయించుకున్నాడు.

సోమవారం పొద్దున్నే నొలీన్ వార్డుకు వెళ్లింది. ఆ ఏడుగురిలో ఒకడు, ఉక్కు కొలిమి దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసిన మెర్వ్ డేసీకి మళ్లీ నీరు తీస్తున్నారు. తనది 'ఏ' గ్రూపు రక్తమట, బళ్లో చచ్చినా రాని 'ఏ' గ్రేడు ఇప్పుడొచ్చిందని అతను వేళాకోళమాడాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ల్యాబు ఆనవాయితీ ప్రకారం ఆరోగ్యవంతుల రక్తం అంటే ల్యాబువాళ్ల రక్తమే. మిగతావాళ్లకు సూదంటే భయం, రెండేళ్లుగా ఇస్తున్నది నొలీన్ ఒక్కతే. ఆమెది 'ఓ' గ్రూపు, అందులో 'ఏ' గుర్తు ఉండదు. కాబట్టి 'ఏ' గ్రూపును పట్టే విరుగుడును ఆమె రక్తం తీసెయ్యలేదు. అంటే ఆ గీతలు కేన్సర్‌వి కాక, వట్టి రక్తపు గ్రూపువి కావచ్చు. చార్టులన్నీ తిరగేసింది. ఏడుగురిలో ఆరుగురు 'ఏ', ఒక్కరు 'ఓ'. ఆ ఒక్కరి గీతైనా గ్రూపుది కాదని ఆమెకు ధైర్యం వచ్చింది.

సంగతి చెప్పేసరికి హాస్లమ్ ముఖం మాడిపోయింది. సభ అయ్యాక చూసుకుందామన్నాడు.

"ఆ గీతలు పడింది నా రక్తం వల్ల డాక్టర్. చెరిపేది కూడా నేనే," అంది నొలీన్.

రక్తనిధి నుంచి 'ఏ' రక్తం తెచ్చి కలిపింది. మళ్లీ పళ్లేలు పోసింది. గురువారానికి ఐదు గీతలు మాయమయ్యాయి. రెండు నిలిచాయి, అందులో ఒకటి మెర్వ్‌ది. హాస్లమ్ ఆ రెండే పట్టుకుని సిడ్నీ వెళ్లాడు. నొలీన్‌కు గర్వంగానే ఉంది.

రెండు వారాలకు మెర్వ్ మళ్లీ వచ్చాడు.

"అయితే మీరు వెతికేది దొరికినట్టేనా తల్లీ?"

"దొరికింది. దాన్నుంచి మందు రావాలంటే ఏళ్లు పడుతుంది మెర్వ్. నీకు అందదు."

అతను టీ కప్పు పక్కన పెట్టాడు.

"ఇంకెన్ని సీసాల నీరు కావాలి నీకు?"

"ఎన్నిచ్చినా చాలవు."

"మరి నిలబడ్డావేం, డాక్టర్ని పిలువు," అని చొక్కా విప్పి, బల్ల మీదికి వంగి కూర్చున్నాడు.