ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్ద గీతలు

ఎవరైనా దయ్యాన్ని చూశామని చెబితే నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ పూట ఏం తిన్నావు? రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఈ విషయంలో నాకు కావలసినంత చెడ్డపేరు ఉంది. నేను వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టర్ని. కంటికి కనబడాలి, గేజికి అందాలి, లేకపోతే నా దృష్టిలో అది లేనట్టే. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను, ఒక్క ఆదివారం మధ్యాహ్నం సంగతి తప్ప.

డెబ్భైల చివర్లో మాట. నేనూ, నాతో పనిచేసే అప్పలరాజూ కలిసి మిలటరీ డిస్పోజల్ వేలంలో ఒక పాత జీపు కొన్నాం. ఎందుకు కొన్నారంటే చెప్పలేం. సాయంత్రం డ్యూటీ దిగి దాని చుట్టూ తిరుగుతుంటే మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చేది. అప్పలరాజు భార్య దాన్ని తన గుమ్మం ముందుకి రానివ్వలేదు కాబట్టి మా వాకిట్లో పెట్టాం.

చిక్కల్లా ఒక్కటే. మేం వ్యాగన్ల వాళ్ళం. వ్యాగన్‌కి ఇంజనుండదు, గేరుండదు, ఎవరో లాగితే వెళ్తుంది. చక్రం, ఇరుసు, బ్రేకు, అంతే మా లోకం. ఇంజను బలం చక్రానికి ఎలా చేరుతుందో తెలుసుకోవలసిన అవసరం మా సర్వీసులో ఒక్కరోజు కూడా రాలేదు. ధైర్యానికి మాత్రం తక్కువ లేదు.

ఆ జూన్‌లో మా చెల్లి సత్యవతికి టీచరు ఉద్యోగం వచ్చింది. గరియాబంద్ దాటాక అడవిలో ఒక ఊరి ప్రైమరీ స్కూలు. సోమవారం సాయంత్రంలోగా చేరకపోతే ఆర్డరు రద్దు. మా నాన్న దాన్ని ఆ ఉద్యోగం కోసమే చదివించాడు. ఆడపిల్లకి ఇంకా చదువేమిటని చుట్టాలు సణిగినా వినలేదు. ట్రైనింగు ఫారాలు తనే పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాడు. ఆర్డరు చూడకుండానే, రెండేళ్ళ ముందు పోయాడు.

బస్సు గరియాబంద్ దాకానే. అక్కణ్ణించి పదిహేను మైళ్ళు మట్టిదారి, మధ్యలో రెండు వాగులు. వానలు మొదలయ్యాయి, ఎడ్లబండి కూడా దిగట్లేదన్నారు. నాలుగు చక్రాలూ లాగే జీపైతేనే వెళ్ళగలదు. బెంగపెట్టుకోకు, మన జీపుందిగా అని చెల్లికి నేనే మాటిచ్చాను.

మాటిచ్చాం కదా అని ముందు వారమే జీపుని సిద్ధం చెయ్యబోయాం. గేరుపెట్టె నుంచి వెనక ఇరుసుకి బలాన్ని మోసుకెళ్ళే పొడుగాటి గొట్టం ఒకటుంటుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. దాని చివర క్రాస్ అనే కీలు అరిగింది. షాఫ్ట్ విప్పి, రెండు ముక్కలుగా ఊడదీసి కడిగి, కొత్త క్రాస్ వేసి బిగించాం.

బిగించిన దగ్గర్నుంచీ జీపుకి వణుకు పట్టుకుంది. ఇరవై మైళ్ళ వేగం దాకా బుద్ధిగా ఉండేది. దాటిందా, అడుగు నుంచి ఒకటే మోత, గేరు రాడ్డు చిందులు, మా పళ్ళు టకటక. తెలీబంధా దాకా వెళ్ళొచ్చేసరికి అప్పలరాజు సీసాలో తెచ్చుకున్న మజ్జిగ మీద వెన్న తేలింది.

ఇక మా పాండిత్యం చూడండి. మా లెక్కలో ఏ రోగమైనా చక్రంలోనే ఉంటుంది. వ్యాగన్ చక్రాన్ని సుత్తితో కొట్టి వింటే, పగులుంటే మోతలో తెలిసిపోతుంది. అప్పలరాజు అదే సుత్తితో జీపు చక్రాలు నాలుగూ కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. రబ్బరు టైరు ఏం పలుకుతుంది? ఎదురింటి ఛత్తీస్‌గఢీ ముసలాయన గుమ్మంలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. అయినా చక్రాలు విప్పాం, బేరింగులు కడిగాం, కనబడిన ప్రతి బోల్టూ బిగించాం. వణుకు వణుకే.

శుక్రవారం టాటీబంధ్‌లో లారీల మిస్త్రీకి చూపించాం. ఆయన కిందకి వంగి కూడా చూడకుండా, "గేర్‌బాక్స్ ఖోల్‌నా పడేగా, దస్ దిన్ ఛోడ్ దో" అన్నాడు, గేరుపెట్టె విప్పాలి, బండి వదిలి వెళ్ళమని. ఇలాగే నడిపితే కొత్త క్రాసూ విరిగి అడవిలో నిలబడిపోతారని కూడా చెప్పాడు. పది రోజులు ఎక్కణ్ణించి తేవాలి?

ఇక్కడ నాన్న గురించి ఒక ముక్క. ఆయన వ్యాగన్లు పరీక్ష చేసే ఉద్యోగం చేశాడు. లోపం ఎక్కడుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. అందరూ ఇంటూ మార్కు పెట్టేవారు. ఆయన మాత్రం ఒక నిలువు గీత గీసి పక్కన చిన్న సున్నా చుట్టేవాడు. గీత లోపాన్ని చూపిస్తుందట, సున్నా నేను చూశానని చెబుతుందట. షాపంతా ఆ సున్నా గురించి ఆయన్ని ఏడిపించేది.

ఆదివారం నేనొక్కణ్ణే ఉన్నాను. అప్పలరాజు ముందురోజే బిలాస్‌పూర్‌లో అత్తవారింటికి శుభకార్యానికి వెళ్ళాడు. పొద్దున వాన పడి ఆగింది, వాకిలంతా బురద. గోనెసంచి పరుచుకుని జీపు కిందకి దూరాను. షాఫ్ట్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా కిరోసిన్ గుడ్డతో తుడిచి, గ్రీజు పూశాను. దాని మీద ఒక్క గుర్తు కూడా లేదని ప్రమాణం చేసి చెప్పగలను. ఏమీ అర్థం కాలేదు. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది.

వరండాలో జీపుకి ఎదురుగా కూర్చుని తిన్నాను. నాకూ దానికీ మధ్య ఆరడుగులుంటాయి. అమ్మా చెల్లీ నా ముందే ఉన్నారు. ఎవరికీ ముద్ద దిగడం లేదు. "పోన్లే అన్నయ్యా, రాసిపెట్టి లేదనుకుంటాను" అంది చెల్లి, నాకు వడ్డిస్తూ. అరగంటలో వాకిట్లోకి పిల్లి కూడా రాలేదు.

చెయ్యి కడుక్కుని మళ్ళీ కిందకి దూరాను.

షాఫ్ట్‌లో రెండు ముక్కలుంటాయి. ఒకటి రెండోదాని లోపలికి పళ్ళతో జారుతుంది. ఆ ముక్క మీద ఒక సుద్ద గీత, ఈ ముక్క మీద ఒక సుద్ద గీత. ఒక్కోదాని పక్కన చిన్న సున్నా. రెండు గీతలూ ఎదురెదురుగా లేవు, పావు చుట్టు ఎడంగా ఉన్నాయి.

గ్రీజు పూసిన ఇనుము మీద సుద్ద పట్టదు. ఇవి పొడి పలక మీద రాసినంత తెల్లగా ఉన్నాయి. బురదలో చూశాను. నా గోనెసంచి జాడ, నా మోకాళ్ళ జాడ, అంతే.

అమ్మని పిలిచాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వంగి చూసింది. సున్నాలు చూడగానే పోల్చుకుంది. మా శ్రీకాకుళం మాటలో, "ఓలమ్మా! బతికున్నన్నాళ్ళూ గోడకో మేకు కొట్టమంటే కొట్టనేదు. ఇప్పుడు కూతురి కోసం జీపు కిందకి దూరినాడేటి!" అని నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. చెల్లీ నవ్వింది. బురదలో వెల్లకిలా పడుకుని నేనూ నవ్వాను. భయం వెయ్యలేదు. చెప్పలేనంత సంతోషం వేసింది.

షాఫ్ట్ విప్పి, రెండు గీతలూ కలిసేలా తిప్పి, మళ్ళీ బిగించాను. అప్పుడు గాని నా కంటికి ఆనలేదు. రెండు కొసల్లో క్రాసుని పట్టి ఉంచే పంగలు ఇప్పుడు ఒకే వరసలో ఉన్నాయి. మేం బిగించినప్పుడు అడ్డదిడ్డంగా పెట్టేశాం. అవి ఒకే వరసలో లేకపోతే షాఫ్ట్ ప్రతి చుట్టుకీ ఎగురుతుందని తర్వాత ఒక మెకానిక్ చెప్పాడు. తెలిసినవాడు మొదట చూసేది అదేనట.

తెలీబంధా చెరువు పక్కన నలభై మైళ్ళ వేగం దాటించాను. గేరు రాడ్డు కదల్లేదు. ఒక్కణ్ణే జీపులో కూర్చుని ఈల వేశాను.

సోమవారం తెల్లారగానే అప్పలరాజు స్టేషన్ నుంచి తిన్నగా మా ఇంటికొచ్చాడు. అతను నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. కిందకి దూరి చూసి బయటికొచ్చి జీపుకి దణ్ణం పెట్టాడు.

నేను ఊరుకోలేదు. అన్ని దారులూ వెతికాను. అప్పలరాజు ఊళ్ళో లేడు. అమ్మకీ చెల్లికీ షాఫ్ట్ అంటే ఏమిటో తెలీదు. నాకు తెలీకుండా నా చెయ్యే గీసిందేమోనని ఒక డాక్టరు మిత్రుడు అన్నాడు. ఇంట్లో సుద్దముక్క లేదు. అయినా నాకు తెలియని సంగతి నా చేతికెలా తెలుస్తుంది?

ఆ సోమవారం రాజిమ్ మీదుగా వెళ్ళాం. అమ్మ కూడా పట్టుబట్టి ఎక్కింది. రెండో వాగులో నీళ్ళు జీపులో మా పాదాల దాకా వచ్చినా నాలుగు చక్రాలూ ఎద్దుల్లా లాగాయి. సుద్ద గీతలు అక్కడే కొట్టుకుపోయాయి. మూడింటికి స్కూలు చేరాం. చెల్లి సంతకం పెడుతుంటే అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

హెడ్‌మాస్టరు పెద్దాయన. ఫారం నింపుతూ, మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా అని హిందీలో అడిగారు. చెల్లి కిటికీలోంచి జీపుకేసి చూసింది.

"రేల్వే మే హై, సర్. డిబ్బే చెక్ కర్‌తే హై."

రైల్వేలో ఉన్నారు, పెట్టెలు చెక్ చేస్తారు అంది, చేసేవారు అనలేదు. సరిదిద్దుదామని నోరు తెరిచాను. ఏమని సరిదిద్దను? నిన్న మధ్యాహ్నమే కదా ఆయన డ్యూటీ చేసి వెళ్ళాడు.