పురిటి చెరువులో దొరగారి విహారం

మధుర సీమలోని తెలుగు ఊళ్ళన్నిటిలో అప్పసామి నాయుడంత మాటకారి లేడని ప్రతీతి. ఆయన మొదలుపెడితే ఎద్దులు సైతం నెమరు ఆపి వినేవంటారు. ఎద్దులను ఎవరూ విచారించలేదు. అటువంటి నోటికి ఏటా చలికాలంలో తాళం పడేది. కారణం కొంగలు.

చలి మొదలవగానే చెరువులోని నల్లతుమ్మల మీద ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, నీటికాకులు గూళ్ళు కట్టేవి. ఊరివాళ్ళ దృష్టిలో అవి పక్షులు కావు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు. పురిటింట్లో కేకలు వేస్తారా? అందుచేత పిల్లలు ఎగిరేదాకా ఊళ్ళో డప్పు లేదు, మేళం లేదు. పెళ్ళిళ్ళు కూడా దొంగతనాల్లా గుట్టుగా జరిగేవి. ఇక తుమ్మల నడుమకు పుట్టి, అదే బుట్టపడవ, తోసుకుపోయేవాడు అసలు నోరు విప్పరాదు. ఆ పుట్టి అప్పసామి ఇంటిది. దోసిట చెరువు నీళ్ళు పట్టి, ఈ కట్టుబాటు తప్పమని ఊరి తరఫున ప్రమాణం చేసేవాడూ ఆయనే.

ఆ ఏడు చెరువు తూము పగిలింది. రాయి జారి, నీళ్ళు ఆగకుండా వాగులోకి పోతున్నాయి. తుమ్మల కింద నీళ్ళుంటేనే నక్కలు గూళ్ళ జోలికి రావు. చెరువులో నీళ్ళుంటేనే వరి గింజ పట్టేది. పూర్వమైతే ఊరంతా దిగి రాయి నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు చెరువు కుంపిణీది. ఉత్తరువు లేనిదే తూము మీద చెయ్యి వేసినవాడికి కొరడా దెబ్బలు. కావలసింది దొర నోటినుంచి ఒక్క మాట. దుబాసి జగన్నాథయ్యకు ఎప్పుడో విన్నవించారు; ఆ విన్నపం దుబాసి దగ్గరే సుఖంగా ఉండిపోయింది.

ఇంతలో దొరకు పక్షులంటే మక్కువ అనీ, పుట్టిలో తిరిగి చూస్తారనీ కబురొచ్చింది. అప్పసామి పెళ్ళాం నాగమ్మాళ్‌ను ఎదుట కూర్చోబెట్టి, ఆమెనే దొరగా భావించి మనవి వల్లెవేశాడు.

"మహాప్రభూ, ఈ చెరువు మా కన్నతల్లి. మా తాతముత్తాతలు..."

"తాతలంతా వద్దు మామా. తూము పగిలిండాది, రాయి పెట్టుకుంటామను. అంతే. దొరైకి ఆకలేస్తాది."

"నీకేమి తెలుసే? దొరలకు పీఠిక కావాల!"

గట్టు మీద ఆ పీఠిక ఎత్తుకోబోతే జగన్నాథయ్య అడ్డుపడ్డాడు. "ఇప్పుడే మొరపెట్టి దొర మనసు పాడుచెయ్యకు నాయుడూ. తూము కళ్ళారా చూడనీ. ఆయనే అడుగుతారు, అప్పుడు చెప్పు."

గట్టుకు తిరిగొచ్చాకే అడుగుతారనుకున్న అప్పసామికి మాట సబబుగానే తోచింది. దొర పుట్టిలో కుర్చీ వేయించుకున్నారు; దుబాసి పక్కన ఒదిగాడు, అప్పసామి పుట్టి తోశాడు. పుట్టి గుండ్రటిది, తిరిగినప్పుడల్లా దొరగారు ఉత్తరానికీ దక్షిణానికీ ఏ పక్షపాతమూ లేకుండా దర్శనమిచ్చారు.

తుమ్మల్లోకి వెళ్ళాక దొర దుర్భిణి దించలేదు. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తలదాకా దూరి చేప తినడం చూసి మురిసిపోయారు. పిల్లలకు ఎండ తగలకుండా రెక్కలు చాచి నిలబడ్డ కొంగను చూసి టోపీ తీశారు. అంతలో కొమ్మలు తొలగి పగిలిన తూము కనిపించింది. తెల్లటి ధార దుముకుతోంది. దాని వెంట కొంగలు బారు తీరి చేపలు పడుతున్నాయి. దొర ఏదో అడిగారు.

"అదేమిటని అడుగుతున్నారు. చెప్పు నాయుడూ!" అని దుబాసి గుసగుసలాడాడు.

పీఠికతో సహా మనవి మొత్తం అప్పసామి గొంతులోకి వచ్చి నిలబడింది. తల పైన బాలింత కొంగ. అరచేతుల్లో ఇంకా ఆరనట్టున్న ప్రమాణపు నీళ్ళు. ఆయన తూము వైపు చెయ్యి చూపాడు, తల బాదుకున్నాడు, లేని రాయిని ఎత్తి పెట్టాడు, దణ్ణం పెట్టాడు. పుట్టి గిర్రున తిరిగింది. దొర పకపకా నవ్వారు.

తూము పగిలిందని చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. జగన్నాథయ్య వివేకి. పక్షుల కోసం ఊరివాళ్ళు కట్టిన జలధార అని మనవి చేశాడు. దొర పరమానందభరితులై, దాన్ని ఎవరూ ముట్టరాదని అక్కడికక్కడే ఉత్తరువు చేశారు.

గట్టు చేరగానే దుబాసి నోటే ఆ సంగతి విని అప్పసామి గొంతు చించుకున్నాడు. "అది ధార కాదు సామీ, పగిలిన తూము! పైరు పోతాది సామీ!"

దొర ఏమిటన్నట్టు చూశారు. తమరిని దీవిస్తున్నాడని దుబాసి చెప్పాడు. దొర ప్రసన్నంగా తల ఊపి గుర్రమెక్కారు.

పిల్లలకు రెక్కలు రాకముందే చెరువు ఎండింది. నక్కలు బురద దాటుకుని వచ్చాయి. తల్లులు గూళ్ళు విడిచి లేచిపోయాయి. వరి వెన్ను తెల్లగా, తేలిగ్గా నిలబడిపోయింది.

"ఊరికంతా నోరిచ్చే అన్నవి, వేళకి మూగైపోతివే!" అంది పక్క చేనావిడ ఆరాయి.

"పురిటింట్లో అరిచేదా ఆరాయీ?"

"ఇప్పుడు పురిటిల్లు ఏడుండాది, చూపించు."

మరుసటి చలికాలం దొర ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. తుమ్మలు బోసిగా ఉన్నాయి. పక్షులేవన్నారు. పక్షులు లేనిచోట ప్రమాణం లేదు గనుక అప్పసామి తాతముత్తాతల దగ్గర నుంచి ఎత్తుకుని తూము దాకా, నక్కల దాకా, ఏడుస్తూ అంతా చెప్పాడు. జగన్నాథయ్య శ్రద్ధగా విని, ఊరివాళ్ళు అల్లరి చేసి పక్షులను తోలేశారని ఒప్పుకుంటున్నాడు అని తర్జుమా చేశాడు.

దొర నొచ్చుకున్నారు. ఆ సాయంత్రమే ఉత్తరువు వెలువడింది: చెరువు గట్టున ఎవరూ బిగ్గరగా మాట్లాడరాదు. వెట్టివాడు దాన్ని డప్పు కొట్టి చాటుతూ గట్టంతా తిరిగాడు. కొంగల కాలంలో ఆ గట్టు మీద డప్పు మోగడం అదే మొదలు; బెదిరి లేవడానికి ఒక్క పక్షీ లేదు.

వాకిట్లో అప్పసామి నోరు తెరిచాడు.

"వద్దు మామా," అంది నాగమ్మాళ్.