ఎండ పడే చోటు

నా చిన్నప్పుడు ఢిల్లీ జనక్‌పురిలో మా బడికి గోడలు లేవు. కాలనీ అప్పుడప్పుడే కడుతున్నారు. ఇళ్ళు ముందు వచ్చాయి, బడి తర్వాత వస్తుందన్నారు. అది వచ్చేదాకా ఖాళీ మైదానంలో వరసగా పాతిన గుడారాల్లోనే మా చదువులు సాగాయి. గుడారానికో క్లాసు. కింద గోనెపట్టాలు, ముందు ఒక కుర్చీ, కర్రకాళ్ళ మీద నిలబెట్టిన నల్లబల్ల, అంతే. గుడారం గుడ్డ ఒకప్పుడు ముదురాకుపచ్చ రంగులో ఉండేదేమో, ఎండకీ వానకీ వెలిసిపోయింది. దాని గుండా లోపలికి వచ్చే వెలుతురు నీళ్ళ అడుగున కూర్చున్నట్టు ఉండేది. ఇప్పటికీ ఆ రోజులు తలచుకుంటే ముందు ఆ వెలుతురే కదులుతుంది. ఆ తర్వాతే మనుషులూ మాటలూ.

మా నాన్నగారికి రాజమండ్రి నుంచి ఢిల్లీకి బదిలీ అయితే, ఆరో తరగతి మధ్యలో నన్ను తెచ్చి ఆ గుడారంలో కూర్చోబెట్టారు. నాకు హిందీ రాదు. ముప్ఫై ఎనిమిది మంది ఆడపిల్లల్లో నేనొక్కదాన్నే 'మద్రాసీ'ని. రాజమండ్రి మద్రాసులో లేదని చెప్పేంత భాష కూడా నా దగ్గర లేదు. మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడకుండా గడిపాను. మా అమ్మ రోజూ జడ వేస్తూ ఒకటే మాట చెప్పేది. "వాళ్ళేం చేస్తే నువ్వూ అదే చెయ్యవే. వేరుగా కనపడకు. నలుగురిలో కలిసిపోతే నీకే సుఖం." అమ్మ తప్పు చెప్పిందని ఇప్పటికీ అనను. తనూ కొత్త ఊళ్ళో అలాగే నెట్టుకొస్తోంది.

మా క్లాసుకి ఒక మానిటర్ ఉండేది. పొడుగ్గా, చక్కగా, రెండు జడలకీ తెల్ల రిబ్బన్లతో ఉండేది. బహన్‌జీ, అంటే మా టీచరమ్మ, లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు నోటుపుస్తకంలో రాసుకోవడం ఆ అమ్మాయి పని. కానీ దాని బలమంతా ఆ పుస్తకంలో లేదు, ఎండలో ఉంది. జనవరిలో ఢిల్లీ చలి ఎముకల్లోకి దిగుతుంది. పొద్దున్నే మంచు కమ్ముకుని పక్క గుడారం కూడా కనపడేది కాదు. పది గంటలయ్యాక గుడారం తలుపుగుడ్డ పైకి కడితే, లోపల సరిగ్గా ఒక పట్టా వెడల్పున ఎండ పడేది. ఆ ఎండలో ఎవరు కూర్చోవాలో మానిటర్ చెప్పేది. ఆరుగురికే చోటు. మిగతావాళ్ళం నీడలో ముడుచుకుని కూర్చుని, చేతివేళ్ళు ఊదుకుంటూ, వాళ్ళ జుట్టు మీద మెరిసే వెలుగుని చూస్తూ ఉండేవాళ్ళం. ఆ అమ్మాయి ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరి వైపు చూసి నవ్వుతుందో వాళ్ళు ఆ రోజు ఎండలోకి వెళ్ళేవారు.

ఒక రోజు ఒక పిల్ల అడక్కుండా వెళ్ళి ఎండలో కూర్చుంది. మా బ్లాకు చివర వేపచెట్టు కింద బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే అతని కూతురు అది. గొడవకి కాదు, చలేసింది కాబట్టి కూర్చుంది. మానిటర్ ఏమీ అనలేదు. మధ్యాహ్నానికల్లా క్లాసంతా ఆ పిల్లకి చిటికెనవేలు చూపించి 'కట్టీ' చెప్పేసింది. కట్టీ అంటే మాటలు బంద్. ఆ పిల్ల ఏదైనా అడిగితే వినపడనట్టుండాలి. దాని చెయ్యి తగిలితే గౌనుకి తుడుచుకోవాలి. నేనూ చూపించాను చిటికెనవేలు. ఆశ్చర్యం ఏమిటంటే, ఢిల్లీకి వచ్చాక ఒక ఆట ఎలా ఆడాలో నాకు అర్థమైంది అదే మొదటిసారి. మర్నాడు మానిటర్ నా వైపు చూసి నవ్వింది. "సోమవారం నుంచి నువ్వు ఇక్కడ కూర్చో" అంది. ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ సంతోషించి బొబ్బట్లు చేసింది.

మా బహన్‌జీ పెద్దావిడ. బూడిదరంగు శాలువా కప్పుకుని, పాఠం చెబుతూనే ఒళ్ళో స్వెటర్ అల్లుకునేవారు. ఢిల్లీలో చలికాలం టీచరమ్మలందరూ అలాగే అల్లేవారు. ఆ ఏడు ఆవిడ అల్లుతున్నది ఆవపువ్వు రంగు ఊలుతో, బొమ్మకి తొడిగేంత చిన్న స్వెటరు. మనవడో మనవరాలో పుట్టబోతున్నారని చెప్పుకునేవాళ్ళం. ఆ శనివారం ఆవిణ్ణి పెద్ద బహన్‌జీ, అంటే హెడ్‌మిస్ట్రెస్, పిలిచారు. స్వెటరు కుర్చీలో పెట్టి వెళ్ళారు.

మానిటర్ లేచి ఆ స్వెటరు తీసి తల మీద పెట్టుకుంది. బహన్‌జీలా నడుం వంచి, ముక్కుతో మాట్లాడుతూ నడిచింది. క్లాసంతా పగలబడి నవ్వాం. నేనైతే కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాను. ఆ నడకలో సూది జారింది. జారిన కుట్లని సరిచేయబోయి ఒక పోగు లాగింది. అది ఇంకా జారింది. ఇంకాస్త లాగింది. మా కళ్ళ ముందే సగం స్వెటరు విడిపోయి పసుపుపచ్చటి ఊలు కుప్పగా నేల మీద పడింది. నవ్వులు ఆగిపోయాయి. బయట చెప్పుల చప్పుడు వినపడగానే మానిటర్ ఆ కుప్పని కాలితో మూలకి నెట్టేసి వచ్చి తన చోట కూర్చుంది. ఆ మూల ఉన్నది ఇస్త్రీ అతని కూతురే. ఆ పిల్ల ఏం చేసిందంటే, అయ్యో పాపం అన్నట్టు ఆ ఊలుని ఎత్తి, చిక్కు తీయడం మొదలుపెట్టింది. బహన్‌జీ లోపలికి వచ్చేసరికి ఊలు ఆ చేతుల్లో ఉంది.

ఆ మాటలన్నీ హిందీలోనే జరిగాయి. కానీ జ్ఞాపకంలో నాకు తెలుగులోనే వినపడతాయి.

"ఇదే లాగేసింది బహన్‌జీ. అందరం చూశాం" అంది మానిటర్. మా వైపు తిరిగి, "చూశాం కదూ?" అంది.

ముందు ఎండలో ఉన్న ఆరు చేతులూ లేచాయి. ఆ తర్వాత నీడలోంచి ఒక్కొక్కటే. నా చెయ్యి కూడా.

"నేను కాదు బహన్‌జీ" అంది ఆ పిల్ల. ఒక్కసారే అంది. మళ్ళీ అనలేదు.

దాని సంగతి మాకందరికీ తెలుసు. చదువు చాలు, ఇంక బండి దగ్గర బట్టలు మడతపెట్టమని వాళ్ళ నాన్న అప్పటికే రెండుసార్లు బడి మాన్పించబోయాడు. బహన్‌జీయే వెళ్ళి మాట్లాడి వెనక్కి తెచ్చారు. ఇప్పుడు ఈ సంగతి పెద్ద బహన్‌జీ దాకా వెళ్ళి, వాళ్ళ నాన్నని పిలిపించారంటే ఇంక అంతే. అది తెలిసే ఎత్తాను చెయ్యి. తెలియక ఎత్తానని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేదో.

బహన్‌జీ కోప్పడలేదు. చాలాసేపు మా అందరినీ చూశారు. "అచ్ఛా" అన్నారు. "అందరూ కళ్ళు మూసుకోండి బేటీ. తలలు మోకాళ్ళ మీద పెట్టుకోండి. ఎవరూ ఎవరినీ చూడకూడదు. నేనొక్కదాన్నే చూస్తాను." మేం మూసుకున్నాం. "ఇప్పుడు చెప్పండి. ఆ పిల్ల ఊలు లాగుతుంటే కళ్ళారా చూసినవాళ్ళు చెయ్యెత్తండి."

ఆ చీకటి నాకింకా గుర్తుంది. పూర్తి చీకటి కాదు. రెప్పల వెనక నారింజరంగు వెలుగు, అందులో ఈదే చుక్కలు. గుడారం గుడ్డ గాలికి ఊపిరి పీల్చి వదులుతున్నట్టు టపటపలాడుతోంది. దూరంగా రోడ్డు మీద ఎవరో బత్తాయిలు అమ్ముకుంటూ పాటలా అరుస్తున్నారు. నన్నెవరూ చూడటంలేదు. చెయ్యి ఎత్తనక్కర్లేదు. అది నాకు స్పష్టంగా తెలుసు. కానీ మానిటర్ వేళ్ళ సందుల్లోంచి చూస్తుంటేనో? అందరూ ఎత్తి, నేనొక్కదాన్నే ఎత్తకపోతేనో? సోమవారం, ఎండ, ఆ నవ్వు. నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. ఎవరూ చూడని చీకట్లో కూడా నేను అందరితో కలిసే ఉన్నాను.

గోనెపట్టాల మీద మెత్తగా అడుగులు వినపడ్డాయి. ఆగుతున్నాయి, కదులుతున్నాయి. ఎంతసేపో. నా పక్కన ఆగాయి. ఊలు వాసన, శాలువాలోని కర్పూరం వాసన వచ్చాయి. చలికి బిగుసుకుపోయిన నా వేళ్ళని ఒక వెచ్చటి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, నిద్రపోయే పసిపిల్ల చేతిని దుప్పటి కింద పెట్టినట్టు, నెమ్మదిగా దించి నా ఒళ్ళో పెట్టింది. పెట్టాక కూడా ఒక్క క్షణం వదల్లేదు. అడుగులు మళ్ళీ కదిలాయి.

"కళ్ళు తెరవండి" అన్నారు బహన్‌జీ. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉన్నారు. "నేను చూశాను. ఒక్క చెయ్యీ లేవలేదు."

నాకోసం ఆవిడ అబద్ధం చెప్పారు. అంతమందిలో తప్పు చేసింది నేనొక్కదాన్నే. మిగతా అందరూ చీకట్లోనైనా నిజాయితీగా ఉన్నారు. నన్ను ఆ సిగ్గు నుంచి తప్పించడానికి ఆవిడ నా చెయ్యి దాచేశారు. తల ఎత్తలేకపోయాను.

"ఇప్పుడు కళ్ళు తెరిచి ఉన్నాయిగా. ఎవరు చూశారు?" అని అడిగారు. ఎవరూ కదల్లేదు. మానిటర్ వెనక్కి తిరిగి చూసింది కానీ ఆ చూపుకి ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు. ఎవరు ఎవరికి భయపడుతున్నారో ఆ నిమిషంలో ఎవరికీ తెలియలేదనుకుంటాను.

బహన్‌జీ ఇంకేమీ అడగలేదు. ఊలు తెమ్మని ఆ పిల్లని పిలిచారు. మానిటర్‌ని తన ముందు కూర్చోబెట్టి, రెండు చేతులూ చాపమని, ఆ మణికట్లకి ఊలు చుట్టి, మెల్లగా ఉండ చుట్టడం మొదలుపెట్టారు. చుడుతూనే చరిత్ర పాఠం చెప్పారు. ఎండపట్టీ జరిగి జరిగి వాళ్ళిద్దరి మీదికి వచ్చింది. పసుపు ఊలు వెలిగిపోతోంది. పాఠం మధ్యలో ఎక్కడో మానిటర్ చిన్న గొంతుతో, "నేనే బహన్‌జీ" అంది.

"అచ్ఛా" అన్నారు బహన్‌జీ. "చేతులు కదపకు, ముడిపడుతుంది." అంతే.

ఆ సాయంత్రం నాన్నగారి చొక్కాలు పట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల ఒక్కతే ఉంది. కట్టీ తీసేసి మళ్ళీ దోస్తీ చెప్పాలంటే రెండు వేళ్ళు కలిపి చూపించాలి. చూపించాను. ఆ పిల్ల తన వేళ్ళు కలపలేదు.

"నువ్వు కూడా ఎత్తావు కదా, మొదటిసారి?" అంది.

"ఎత్తాను."

"నేను నీకేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. భయమేసింది."

రెండోసారి కూడా ఎత్తానని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. ఆ పిల్ల చొక్కాలు లెక్కపెట్టుకుని, "రేపు రా, అవుతాయి" అని లోపల పెట్టుకుంది. ఎన్నో రోజులు అంతకుమించి మాట్లాడలేదు. సోమవారం నేను ఎండలోకి వెళ్ళలేదు. ఆ పిల్ల కూర్చునే మూల పట్టా అంచున కూర్చున్నాను. ఫిబ్రవరిలో ఒక రోజు, నా వైపు చూడకుండానే, కాస్త పక్కకి జరిగింది. ఆ జరగడాన్ని నేను ఇప్పటికీ ఒక పెద్ద బహుమతిలా తలచుకుంటాను. మేం ఆ ఊరు విడిచేదాకా ఆ పిల్ల బడికి వస్తూనే ఉంది.

ఉద్యోగం నన్ను మళ్ళీ ఢిల్లీకే తెచ్చింది. రిటైరయ్యాక ఢిల్లీ పక్కనే వైశాలిలో స్థిరపడ్డాం. నాలుగేళ్ళ కిందట మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఒకావిడ నన్ను ఆపి, "నువ్వు ఆ మద్రాసీ పిల్లవి కదూ?" అంది. మానిటర్ కాదు, అప్పట్లో ఎండపట్టీలో అందరికంటే ముందు కూర్చుని, అందరికంటే ముందు నవ్వే అమ్మాయి. జుట్టంతా తెల్లబడింది. బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ గుడారాల కబుర్లు చెప్పుకున్నాం. ఉన్నట్టుండి ఆవిడ గొంతు తగ్గించింది.

"ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ స్వెటర్ రోజున, కళ్ళు మూసుకున్నప్పుడు, నేను చెయ్యెత్తాను. క్లాసు మొత్తానికీ నేనొక్కదాన్నే. బహన్‌జీ వచ్చి నా చెయ్యి దించేశారు. ఇన్నేళ్ళూ..."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. "నాది కూడా" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. తల మీదుగా వంతెన మీద ఒక రైలు వెళ్ళింది, ఇంకొకటి వచ్చింది. ఆ రోజు అడుగులు ఎంతసేపు తిరిగాయో ఇద్దరికీ గుర్తొచ్చింది. ఎన్ని చేతులు దించారు బహన్‌జీ? ఆ రోజు చెయ్యెత్తినవాళ్ళందరం ఎవరికి వాళ్ళం తప్పు నాదొక్కదానిదే అనుకుని పెరిగి పెద్దవాళ్ళమయ్యామా? ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. నేను కొంగు ఇచ్చాను.

బహన్‌జీ చేతి వెచ్చదనంతోనే నేను ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో పనిచేశాను. అక్కడ కూడా ఎండ ఎవరిమీద పడాలో చెప్పేవాళ్ళు ఉంటారు. తోటి ఉద్యోగి మీద ఫిర్యాదు కాగితాలు టేబుల్ నుంచి టేబుల్‌కి వస్తాయి, అందరూ సంతకం పెట్టారు మేడమ్, మీదొక్కటే మిగిలింది అంటారు. రెండుసార్లు నేను పెట్టనన్నాను. ఒకసారి పెట్టాను. అది అబద్ధమని తెలిసే పెట్టాను. కలం ఎత్తినప్పుడు ఒక్క క్షణం ఆగాను, ఎవరైనా వచ్చి నా చెయ్యి దించుతారేమోనని. ఎవరూ రాలేదు. అప్పుడు తెలిసింది నాకు, బహన్‌జీ ఆ పని నాకు ఒక్కసారే చేసి చూపించారని. ఆ తర్వాత నుంచి నా చెయ్యి నేనే దించుకోవాలి.