గిలక బావి, ఆకుపచ్చ శాలువా

దెయ్యాలన్నా, పూర్వజన్మలన్నా నాకు చిన్నప్పటి నుంచీ విసుగే. మా అమ్మ ఫోన్‌లో పోరు పెడితే తప్ప ఇంట్లో దిష్టి కూడా తీయను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఎవరైనా వింత జరిగిందంటే, మళ్ళీ జరిపి చూపించమని అడగడం నాకు అలవాటు. ఇప్పుడు నేను రాస్తున్నది మళ్ళీ జరిపి చూపించలేను. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్‌లో. నేను, మా ఆయన శ్రీధర్, మా అమ్మాయి మేఘన, మా అత్తయ్యగారు. మామగారు న్యూకాసిల్‌లో చాలాకాలం డాక్టరుగా పనిచేశారు. కాకినాడ నుంచి కొత్త పెళ్ళికూతురిగా వచ్చిన అత్తయ్యగారు బతుకంతా అక్కడే గడిపారు. మామగారు పోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాం.

వచ్చిన కొత్తలో బాగానే ఉండేవారు. తర్వాత మతిమరుపు మొదలైంది. మొదట స్టవ్ మీద పెట్టిన పాలు మరిచిపోయారు, తర్వాత ఇంటి దారి, ఆ తర్వాత మేఘన పేరు. జీపీ, అంటే మా పేటలో మామూలుగా చూపించుకునే డాక్టరు, పంపిన చోటల్లా తిరిగాం. డిమెన్షియా అని తేల్చారు.

శ్రీధర్ ఆఫీసుకి వెళ్తారు, నేను ఇంట్లోంచి పని చేస్తాను. ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగా ఉన్నట్టే కదా అందరి లెక్కలో! మీటింగ్ మధ్యలో లేచి వెళ్ళి ఆవిడ తడిబట్టలు మార్చి, మళ్ళీ వచ్చి కెమెరా ముందు నవ్వాలి. ఇంత చేసినా ఆవిడ ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. నన్ను ఒక్కోసారి నర్సు అనుకునేవారు, ఒక్కోసారి దొంగ అనుకునేవారు. కేర్ హోమ్ మాట నేను ఎత్తితే శ్రీధర్ ముఖం మాడ్చుకునేవారు.

క్రూజ్ ఆలోచన ఆయనదే. అమ్మ ప్రయాణం చేయగలిగినప్పుడే అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామన్నారు. ఫిబ్రవరిలో, మేఘన స్కూల్‌కి సెలవులు ఇచ్చినప్పుడు బయల్దేరాలి. అమెరికా దాకా విమానం, అక్కణ్ణుంచి ఓడ. దారిలో మెక్సికోలో ఒక బీచ్ ఊరి దగ్గర ఓడ పగలంతా ఆగుతుంది. అక్కడ దిగి ఏం చూడాలో ముందే ఎంచుకుని బుక్ చేసుకోవాలి.

ఆ ఎంచుకోవడంలోనే నా ప్రాణం సగం పోయింది. పాత శిథిలాలు చూపించే బస్సు ఉంది కానీ, అక్కడన్నీ మెట్లే. వంట నేర్పే క్లాసు ఉంది కానీ, అందులో మాంసం లేని వంట లేదు, అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. మేఘనకి నీళ్ళలో మునిగి చేపల్ని చూడాలని ఉంది. చలికాలంలో ఉత్తరపు గాలి లేస్తే పడవలు ఆపేస్తారని అడుగున చిన్న అక్షరాల్లో రాశారు. రివ్యూలు చదివితే ఒకరు స్వర్గమన్న చోటునే ఇంకొకరు నరకమన్నారు. శ్రీధర్‌ని అడిగితే నీ ఇష్టం అంటారు. నా ఇష్టం చెబితే, ఆలోచిద్దాం అంటారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని అందరికీ వినిపించేలా చదువుతున్నాను. అత్తయ్యగారు ఎదురుగా బఠాణీలు ఒలుస్తున్నారు. ఉన్నట్టుండి తలెత్తి, "మొన్న వెళ్ళాం కదా, గిలక బావి ఉన్న చోటికి. మళ్ళీ అక్కడికే వెళ్దాం" అన్నారు.

ఏ బావి అని అడిగాను. సముద్రం ఒడ్డునే ఉంటుందన్నారు. పక్కన నీలం రంగు పడవ బోర్లించి ఉంటుందనీ, దాని కింద కోళ్ళు పడుకుంటాయనీ చెప్పారు. బావి గట్టు మీద ఆకుపచ్చ శాలువా కప్పుకున్న ఒకావిడ కూర్చుని ఏడుస్తోందట.

"పాపం, ఎవరూ పలకరించడం లేదు. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. మా కోడలి సంగతి చెప్పాను" అన్నారు.

నా సంగతి ఏం చెప్పారని అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "నీకెందుకమ్మా? నువ్వెవరు?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. రాత్రింబవళ్ళు చాకిరీ చేస్తుంటే, ఊహల్లో ఎవరో దారినపోయే మనిషి దగ్గర కూర్చుని నా మీద చాడీలు చెబుతున్నారనుకున్నాను.

ఆ తర్వాత అదే కథ ఎన్నిసార్లు విన్నానో. టిఫిన్ తింటూ చెప్పేవారు, క్లినిక్‌లో డాక్టర్ కోసం కూర్చున్నప్పుడు పక్కవాళ్ళకి చెప్పేవారు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి, ఈ ఒక్క కథలో మాత్రం పొల్లు పోనిచ్చేవారు కాదు. పడవ ఎప్పుడూ నీలమే, శాలువా ఎప్పుడూ ఆకుపచ్చదే. కోడలి సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మెదిపేవారు కాదు.

ఎప్పుడో టీవీలో చూసి ఉంటారనుకున్నాను. కాకినాడ బీచ్ ఏమో అనుకున్నాను. అక్కడ అలాంటి బావి తనెప్పుడూ చూడలేదని శ్రీధర్ అన్నారు. న్యూకాసిల్‌లో వాళ్ళ కుటుంబ స్నేహితులైన ఒక అంకుల్‌కి ఫోన్ చేసి కూడా అడిగారు. మీ అమ్మా నాన్నా సెలవు దొరికితే ఇండియాకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు బాబూ అన్నారాయన. నానమ్మ అంతా కల్పించి చెబుతోందని మేఘన ఇంగ్లీషులో తేల్చేసింది.

చివరికి అడుగున అద్దం ఉన్న పడవ ఒకటి కనిపించింది. అత్తయ్యగారు కూర్చున్న చోటు నుంచే చేపల్ని చూడొచ్చు, మేఘన నీళ్ళలోకి దిగొచ్చు. అది బుక్ చేశాను. బీచ్ ఉన్నవేవీ ముట్టుకోలేదు. ఆ బావి గొడవ ఇక నా వల్ల కాదనిపించింది.

ఆ ఊరు చేరిన రోజు పొద్దున్నే ఉత్తరపు గాలి లేచింది. పడవలన్నీ రద్దు చేశారు. ఓడలో కౌంటర్ దగ్గర పెద్ద గుంపు. మా వంతు వచ్చేసరికి మిగిలింది ఒక్కటే, ఊరికి దూరంగా ఎవరో కుటుంబం నడుపుకునే చిన్న బీచ్. వెబ్‌సైట్‌లో దాని పేరు కూడా లేదు. అప్పటికి నాకు బావి గుర్తుకు రాలేదు. ఇన్ని వారాలు తల పగలగొట్టుకుని ఎంచుకున్నది గాలికి పోయిందన్న కోపం ఒక్కటే ఉంది.

బస్సు ఎక్కించబోతుంటే అత్తయ్యగారు నా చేయి విదిలించి కొట్టారు. తోటి ప్రయాణికులందరికీ వినపడేలా, చక్కటి ఇంగ్లీషులో, ఈవిడెవరో నాకు తెలియదు, నన్ను ఎక్కడికి తీసుకుపోతోందో తెలియదు అన్నారు. బస్సంతా నా వైపే చూసింది. శ్రీధర్ నవ్వుతూ సర్దిచెప్పారు. నాకు నవ్వు రాలేదు.

బీచ్‌లో గాలికి ఇసుక లేచి కొడుతోంది. నేను వణకడం చూసి శ్రీధర్ అక్కడ గుడ్డలమ్ముతూ తిరుగుతున్న ఒకామె దగ్గర ఏదో గుడ్డ కొని నా భుజాల మీద కప్పారు. దాని వంక కూడా చూడలేదు. వంటపాకలో వాళ్ళని బతిమాలి బతిమాలి అత్తయ్యగారికి మాంసం తగలని అన్నం పెట్టించాను. ఆవిడ ఒక్క ముద్ద తిని ప్లేటు ఇసుకలోకి విసిరేశారు.

ఇక నా వల్ల కాలేదు. కాసేపు మీ అమ్మని చూసుకోండి అని శ్రీధర్‌కి చెప్పి, వంటపాక వెనక్కి వెళ్ళాను. అక్కడెవరూ లేరు. ఒక రాతిగట్టు కనిపిస్తే దాని మీద కూలబడి ఏడ్చాను. ఏళ్ళ తరబడి ఆపుకున్నదంతా బయటికి వచ్చింది.

కాసేపటికి ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. అత్తయ్యగారు. నా భుజం మీద గుడ్డ జారిపోతుంటే సర్ది, దాని అంచు వేళ్ళతో తడుముతూ కూర్చున్నారు. అప్పుడు చూశాను దాన్ని. ఆకుపచ్చ శాలువా.

తల ఎత్తితే నెత్తిన గిలక ఉంది, గాలికి కిర్రుమంటోంది. కొంచెం అవతల ఒక పడవ బోర్లించి ఉంది. నీలం రంగు. దాని కింద నుంచి ఒక కోడి తల బయటపెట్టి మళ్ళీ లోపలికి పోయింది.

లేచి పరిగెత్తాలనిపించింది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు? ఏ ఊరు మీది?" అని అడిగారు అత్తయ్యగారు. కొత్త మనిషిని అడిగినట్టే అడిగారు.

"మా కోడలూ ఇంతే. ఏడుపొస్తే బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తుంది, నాకు వినపడకూడదని. నాకు వినపడుతుంది. దానికి చెప్దామనుకుంటాను, నీ కష్టం నాకు తెలుసే అని. అది ఎదురుగా వచ్చేసరికి ఎవరో గుర్తురాదు."

కుళాయి సంగతి నిజం. శ్రీధర్‌కి కూడా తెలియదు. నేను ఆవిడ చేయి పట్టుకుని, "నేను చెప్తాలెండి" అన్నాను.

మేఘన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి పడవ మీద చేయి ఆనించింది. అరచేతికి నీలం అంటుకుంది. వంటపాకలోంచి ఒకామె తడిగుడ్డతో పరిగెత్తుకొచ్చింది. ఆ పడవ మొన్నటి దాకా తెల్లగా ఉండేదనీ, నిన్ననే రంగు వేశారనీ, గాలి తేమకి ఇంకా ఆరలేదనీ ఆమె చెబితే, బస్సులో మాతో వచ్చిన గైడ్ మాకు ఇంగ్లీషులో చెప్పాడు.

అంటే నీలం పడవ ఫోటో ఎక్కడా ఉండే వీలు లేదు. అత్తయ్యగారు మా టేబుల్ దగ్గర బఠాణీలు ఒలుస్తూ ఆ మాట అన్న రోజుకి ఆ పడవ తెల్లగా ఉంది. ఆ శాలువా ఇంకా ఎవరి భుజం మీదో అమ్మకానికి తిరుగుతోంది. నేనింకా ఏడవలేదు. గుర్తు చేసుకోవడానికి అప్పటికి ఏదీ జరగనే లేదు.

ఇంటికి వచ్చాక ఆవిడ ఆ కథ ఒక్కసారి కూడా చెప్పలేదు. శాలువా చూపించి, గిలక బావి గుర్తుందా అత్తయ్యా అని అడిగాను. "ఏ బావి?" అన్నారు. ఓడ గుర్తులేదు, సముద్రం గుర్తులేదు. జరగనంత కాలం అంత స్పష్టంగా గుర్తున్నది, జరిగిన మరుక్షణం ఎలా చెరిగిపోయింది? జీపీని అడిగితే, జ్ఞాపకాలు కలగాపులగం అవుతాయి అన్నారు. శ్రీధర్ యాదృచ్ఛికం అంటారు. నేను కూడా అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. నా చేత కాలేదు.

ఈ మధ్య ఆవిడ కొత్తది మొదలుపెట్టారు. ఏదో గది అట. కిటికీ పక్కన మంచం, కిటికీ బయట ఎర్రటి చిన్న పళ్ళ చెట్టు, మంచం పక్కన పసుపు రంగు కుర్చీ. "రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చునేదానివి కదా పద్మా" అన్నారు నిన్న. నన్ను పేరు పెట్టి పిలిచి ఎంతకాలమైందో.

కేర్ హోమ్ మాట ఇప్పుడు శ్రీధరే ఎత్తుతున్నారు. సాయంత్రాలు అదే టేబుల్ దగ్గర, అదే లాప్‌టాప్‌లో ఫోటోలు చూస్తున్నాం. ఆయన వసతుల గురించి చదువుతుంటే నాకు ఒక్క ముక్క కూడా ఎక్కదు. ప్రతి గదిలోనూ ముందు కుర్చీ రంగు చూస్తాను. ఇంకా పసుపు రంగు కుర్చీ కనిపించలేదు. ఆ గదిలోకి వెళ్ళిన రోజు, బావిలాగే ఇది కూడా నా పేరుతో సహా చెరిగిపోతుందేమో. కనిపిస్తే ఆ గది తీసుకోవాలో, లాప్‌టాప్ మూసేయాలో నాకు తెలియడం లేదు.